ఇటుకలాట ముక్తాయింపు

ఆళ్లగడ్డలో దేవరాజు బ్యాండుమేళం ఉంది. అందులో బాలస్వామి ఇరవై రెండేళ్లుగా క్లారినెట్ ఊదుతున్నాడు. తొంభై ఏడు ఎండాకాలంలో అతని చోటికి కీబోర్డు వస్తోందని తెలిసింది. ఒక మీట నొక్కితే క్లారినెట్, ఇంకోటి నొక్కితే వయొలిన్, మరోటి నొక్కితే కుక్క అరుపు కూడా వస్తుందని దేవరాజు మురిసిపోతూ చెప్పాడు. పెళ్లిలో కుక్క అరుపు ఎందుకని బాలస్వామి అడగలేదు.

“భాస్కరయ్య శెట్టి బిడ్డ పెండ్లి దాకా ఉండప్పా. ఎవరూ వాయించని పాట కావాలంటాండాడు శెట్టి. నువ్వు తెస్తే ఉంటావు. లేకుంటే ఆపైన కీబోర్డు వాయించే నరేంద్రతోనే కానిస్తా,” అన్నాడు దేవరాజు.

ఊదడం తప్ప బాలస్వామికి ఇంకో పని రాదు. యాభై ఏళ్లు వచ్చాక ఇంకో పని నేర్చుకునే ఉద్దేశమూ లేదు.

క్లారినెట్ మూతికి బిగించే రీడు కొనుక్కుందామని నంద్యాల పోయినప్పుడు, బస్టాండు వెనక సందులో ఆ పాట వినపడింది. మెలికలు తిరుగుతూ, ఎక్కడా ఆగకుండా, అచ్చం క్లారినెట్ కోసమే కట్టినట్టుంది. వీడియో గేమ్ అంగడి అది. అంగడి విజయమ్మదే, ఆడుతున్నదీ విజయమ్మే. నలభై ఐదేళ్ల మనిషి, స్టూలు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. టీవీలో పైనుంచి ఇటుకలు పడుతున్నాయి, ఆమె వాటిని తిప్పి వరసలు పేరుస్తోంది.

ఆ ఆట బాలస్వామికి తెలియనిది కాదు. ఊళ్లో సగం మంది జేబుల్లో పెట్టుకు తిరిగే చేతి గేమ్ బొమ్మలో ఉన్నదదే. బొమ్మలో కీచు కీచుమంటుంది, అంతే. టీవీకి తగిలించే గేమ్ క్యాసెట్‌లోకి వచ్చేసరికి ఎవరో పుణ్యాత్ముడు దానికి పాట కట్టాడు.

బాలస్వామి గడప దగ్గర కూర్చుని పాట పట్టాడు. గంటలో మొత్తం వచ్చేసింది. ఇటుకలు పైదాకా పేరుకుంటే పాట జోరందుకుంటుంది, అదీ పట్టాడు. ముక్తాయింపు ఒక్కటి దొరకలేదు. పాట చివరికి వచ్చినట్టే వచ్చి, మళ్లీ మొదటికి పోతోంది.

“ఇది ఎప్పుడు అయిపోతాదమ్మా?”

“ఔటైతే.”

“ఎప్పుడు ఔటవుతావు?”

“నేను ఔటు కాను,” అంది విజయమ్మ, తల తిప్పకుండా.

మధ్యాహ్నం మూడు గంటల దాకా చూశాడు. ఆమె నిజంగానే ఔటు కాలేదు. ఆఖరికి తన సంగతంతా చెప్పుకుని, ఒక్కసారి ఔటవమని బతిమాలాడు. పోనీ ఔటైనప్పుడు వచ్చే ఆ చివరి ముక్క నోటితోనైనా అనమన్నాడు.

“ఓడిపోయినోళ్ల పాట అది. నా నోటితో అనను,” అంది. తర్వాత కొంచెం జాలిపడి, “ఆ పెండ్లికొడుకు మా అన్న కొడుకే. వస్తా, నువ్వెట్ల వాయిస్తావో చూస్తా,” అంది. ఆ చుట్టుపక్కల శెట్ల పెళ్లిళ్లలో చుట్టం కానివారు ఎవరూ ఉండరు.

ఇంటికొచ్చి వేరే పాటల ముక్తాయింపులన్నీ దీనికి అతికించి చూశాడు. ఒక్కటీ అతకలేదు. సమయానికి ఏదో ఒకటి తోస్తుందిలే అనుకున్నాడు.

పెళ్లినాడు పొద్దున మెరవణి బయల్దేరింది. ముందు మేళం, వెనక పూలు కట్టిన జీపులో పెళ్లికొడుకు, మధ్యలో జనం. దేవరాజు ఎందుకైనా మంచిదని కీబోర్డును కూడా తెప్పించాడు. అది ఒక తోపుడు బండి మీద, జనరేటరు ఇంకో బండి మీద, రెంటికీ నడుమ వైరు.

పాట ఎత్తుకోగానే భాస్కరయ్య ముఖం వెలిగింది. మండపం వచ్చింది. మేళం ముక్తాయింపు పలికితే గాని పెళ్లికొడుకు గడప తొక్కకూడదని శెట్టి తల్లి వెంకటలక్ష్మి పట్టుదల. ఆమె హారతి పట్టుకుని నిలబడి ఉంది. బాలస్వామి పాట చివరికి వచ్చాడు, ఏమీ తోచలేదు, మళ్లీ మొదటికి పోయాడు. మధ్యలో ఆపేస్తే అపశకునం. నిలబడి వాయిస్తే జనం ముఖాలు చూస్తారు. అందుకని నడిచాడు. వెనకే డప్పులు, జనం, జీపు. పెళ్లికొడుకు మండపాన్ని చూస్తూ ముందుకు సాగిపోయాడు.

ఆళ్లగడ్డ బస్టాండు చుట్టి వచ్చారు. మళ్లీ హారతి, మళ్లీ మొదటికి. మూడో చుట్టులో బాలస్వామికి భయం పట్టుకుంది. భయంతో, విజయమ్మ ఇటుకలు పైకొచ్చినప్పటి జోరు అందుకున్నాడు. డప్పులు దాన్నే పట్టుకున్నాయి. ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచారు. కీబోర్డు బండి ముందుకు, జనరేటరు బండి వెనక్కు అయ్యి వైరు ఊడింది. దేవరాజు, నరేంద్ర అక్కడే ఉండిపోయారు.

అప్పుడు జనంలోంచి విజయమ్మ ఆయాసపడుతూ అతని పక్కకొచ్చింది.

“ముహూర్తం దాటిపోతాండాది. నిలపప్పా.”

బాలస్వామి ఊదుతూనే తల అడ్డంగా ఊపాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

విజయమ్మ అటూ ఇటూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతని చెవి దగ్గర ఏడెనిమిది స్వరాలు అంది. పైనుంచి కిందికి, మెట్లు దిగినట్టు. ఒక్క స్వరమూ తడబడలేదు.

మండపం గడప ముందు బాలస్వామి అదే ఊదాడు. డప్పులు ఠక్కున ఆగాయి. వెంకటలక్ష్మి హారతి ఇచ్చింది. పెళ్లికొడుకు కుడికాలు లోపల పెట్టాడు.

కాసేపటికి దేవరాజు చేతిలో వైరు ముక్కతో వచ్చాడు. “రేపు శిరివెళ్లలో మెరవణి. నువ్వు పొద్దున్నే రా. శెట్టి ఆ చివరి ముక్క బాగుందంటాండాడు,” అన్నాడు. నరేంద్ర మాట ఎత్తలేదు.

బాలస్వామి క్లారినెట్ తుడుచుకుంటూ విజయమ్మ కోసం చూశాడు. ఆమె అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతోంది.

“ఔటు కానంటివి గదమ్మా. అంత బాగా ఎట్ల వచ్చె?”

విజయమ్మ గ్లాసు కింద పెట్టింది.

“మొదట్లో మూడు నెలలు దినామూ ఆ ఓడినోళ్ల పాటే విన్న,” అంది.