పద్నాలుగు నిమిషాల గొప్ప

విమానాలు ఊడ్చేవాళ్లకు విమానం ఎక్కామన్న గొప్ప ఉండదు. మేస్త్రమ్మకు మాత్రం ఉండేది. ఆ చిన్న కంపెనీకి ఉన్నవే నాలుగు విమానాలు. ఏ సీటు చెయ్యి వదులో, ఏ కిటికీ మూత బిగుసుకుపోతుందో ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. విమానం దిగి మళ్లీ ఎగిరేలోపు తన కింది అయిదుగురినీ వెంటేసుకుని వెనక మెట్ల మీంచి ఎక్కేది. ముప్పై అయిదు నిమిషాల్లో దాన్ని అద్దంలా చేసి దిగేవారు.

సీట్ల వెనక జేబుల్లో చెయ్యి పెట్టి తడమడం ఆమె పెట్టిన పద్ధతే. "చూస్తే ఏం కనపడుతుంది? తడమండి" అని వెంటపడేది. తడిమితే ఒకసారి కట్టుడు పళ్లు దొరికాయి. వాటిని పోగొట్టుకున్న పెద్దమనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి తీసుకుపోయాడు.

అలాంటి కంపెనీ చౌక టికెట్ల కంపెనీగా మారబోతోందని కబురొచ్చింది. కాఫీ ఇవ్వరట, దుప్పటి ఇవ్వరట, విమానాన్ని నేల మీద ఎక్కువసేపు నిలబడనివ్వరట. ఊడ్చే పని బయటివాళ్లకు అప్పజెప్పేస్తారని గుసగుసలు మొదలయ్యాయి.

ఒక ఉదయం ఆఫీసు నుంచి ఒకతను స్టాప్‌వాచీ పట్టుకుని వచ్చాడు. అతను పేరు చెప్పుకునేలోపే ఆడవాళ్లు వాచీబాబు అని పేరు పెట్టేశారు. మేస్త్రమ్మను ఒక్కదాన్నే మెట్ల పైకి పిలిచి, "ఎంతమంది చేస్తారమ్మా ఈ పని?" అని అడిగాడు.

"ఆరుగురం."

"ఆరుగురా!"

అతను ఏమనుకుని అన్నాడో గాని, ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. నోరు ఆగలేదు. "అది మామూలుగా బాబూ. తలుచుకుంటే ముగ్గురం చాలు" అంది.

అతను నవ్వాడు. "అయితే చూపించండి."

కిందికి దిగి వచ్చి ఏమీ ఎరగనట్టు చెప్పింది. "ముగ్గురే ఎక్కాలట. బాబు అన్నాడు."

తనతో ఎక్కడానికి చురుకైన ఇద్దరిని పక్కకు లాగింది. మిగిలింది బామ్మ అని అందరూ పిలిచే పెద్దావిడ, పొద్దస్తమానం పాడుతూ ఉంటుందని అందరూ రేడియో అని పేరు పెట్టినామె, మేస్త్రమ్మకు సొంత తోడికోడలు. తోడికోడలికి మోకాళ్ల నొప్పులు. ఒక్కో సీట్ల వరుస దగ్గర రెండుసార్లు నడుం పట్టుకుంటుంది.

"నువ్వు కింద ఉండవే. పరువు తీస్తావు."

"ఉంటాలే అక్కా. టికెట్ లేకుండా నీ సర్కస్ చూస్తా" అని నవ్విందామె.

పైకెక్కాక మేస్త్రమ్మ ఆ ఇద్దరి చెవిలో, "జేబులు ముట్టకండి. సీట్ల వెనక మడిచిన తిండి బల్లలు విప్పకండి. కంటికి కనపడేదే తుడవండి" అంది. పందొమ్మిదేళ్లలో ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు. ముగ్గురూ ఉరికారు. ఆమెకైతే ఒళ్లు తెలియలేదు. చివరి చెత్త సంచీ మూతి కట్టి దిగేసరికి వాచీబాబు గడియారం పద్నాలుగు నిమిషాలు చూపించింది. కింద నిలబడ్డ ముగ్గురూ చప్పట్లు కొట్టారు. రేడియో ఈల కూడా వేసింది.

పది రోజులకు గోడ మీద కాగితం అంటించారు. రేడియోయే గట్టిగా చదివింది. ఇక మీదట విమానానికి ముగ్గురు, పద్నాలుగు నిమిషాలు. ఈ నెలాఖరు నుంచి పని లేనివాళ్ల జాబితా కింద ఉంది. మొదటి పేరు చదివి రేడియో ఆగిపోయింది. అది తనదే. తరవాతివి బామ్మది, తోడికోడలిది.

"వాడి వాచీ తగలెయ్య!" అంది బామ్మ. "ముగ్గురే ఎక్కండి అన్నప్పుడే అనుకున్నాను, వీడేదో కొంప ముంచుతాడని."

తోడికోడలు మేస్త్రమ్మ చెయ్యి పట్టుకుంది. "నువ్వేం చేస్తావక్కా! మా కోసమేగా ఆ రోజు అంత ఉరికావు."

మేస్త్రమ్మ ఆ చేతిలోంచి తన చెయ్యి మెల్లగా లాక్కుని, తిన్నగా ఆఫీసులో వాచీబాబు దగ్గరికి వెళ్లింది.

"ఆ పద్నాలుగు నిమిషాలు అబద్ధం బాబూ" అంది, కూర్చోమన్నా కూర్చోకుండా. "జేబులు తడమలేదు, బల్లలు విప్పలేదు. ఊడ్చినట్టు నటించాం. సరిగ్గా చెయ్యాలంటే ఆరుగురూ కావాలి."

అతను ఆశ్చర్యపోలేదు. "నేను చూశానమ్మా. జేబుల దగ్గరే మీకు సగం టైము పోతోందని అప్పుడే అర్థమైంది. అందుకే జేబుల్లేని సీట్లు, బల్లల్లేని సీట్లు వేయిస్తున్నాం. రిపోర్టులో మీ పేరు కూడా రాశాను. ఆలోచన మీదేనని." అతను దాన్ని మెప్పుగానే చెప్పాడు. టీ తెప్పించనా అని కూడా అడిగాడు.

ఆమె టీ వద్దని మెట్లు దిగింది. చీపుర్లు పెట్టే గదిలో ముగ్గురూ తుడుపు గుడ్డలు పిండుతున్నారు. రేడియో పాడటం లేదు.

"ముగ్గురు చాలని అతను అనలేదు" అంది మేస్త్రమ్మ, గుమ్మంలోనే నిలబడి. "నేనే అన్నాను."

బామ్మ పిండుతున్న గుడ్డను బకెట్లో వదిలేసింది. "మమ్మల్ని కాపాడదామనా?" అనడిగింది.

అవునంటే సరిపోయేది. బామ్మ ఆ దారి తెరిచే అడిగింది.

"కాదు. గొప్పకి."

తిడితే బాగుండునని ఆమె ఎదురుచూసింది. తోడికోడలు గుడ్డ దులిపి తాడు మీద ఆరేసి, చేతులు తుడుచుకుంది.

"ఇంట్లో ఈ మాట నువ్వే చెప్పు. నీ మరిది నన్నడిగితే నేను చెప్పను. నా నోటితో నిన్ను అనలేను."

ఆ సాయంత్రం ఒకే ఇంటికి ఇద్దరూ వేరువేరు బస్సుల్లో వచ్చారు. మేస్త్రమ్మ వచ్చేసరికి మరిది వాకిట్లోనే ఉన్నాడు. అతనికి కబురు అందింది, సగమే.

"వదినా, ఆ వాచీవాడెవడో చెప్పు, రేపే వెళ్లి కడిగేస్తాను" అన్నాడు చొక్కా చేతులు మడుస్తూ.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"కూర్చోవయ్యా" అంది మేస్త్రమ్మ. "కడగాల్సింది అతన్ని కాదు."