నాలుగో మూల

తెనాలి మార్కెట్టు పక్క సందులో పటాలు కట్టే సుందరయ్య దృష్టిలో లోకంలో రెండు రకాల మనుషులే ఉన్నారు. మూల కలిసేలా కోయడం తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. మొదటి రకంలో తానొక్కడే ఉన్నానని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని మనసులో దాచుకుని బాధపడిన రోజు ఒక్కటీ లేదు.

నిజం చెప్పాలంటే ఆ గొప్ప ఉత్త గొప్ప కాదు. పటం చట్రానికి నాలుగు కొయ్య ముక్కలు. ఒక్కోదానికి రెండు చివర్లా ఏటవాలు కోత. రెండు కోతలు కలిస్తే ఒక మూల. ఎదురెదురు ముక్కలు సరిసమానంగా లేకపోతే మూడు మూలలు బుద్ధిగా కలిసిపోయి నాలుగోది నోరు తెరుస్తుంది. మిగతా వడ్రంగులు ఆ నోట్లో రంపపు పొట్టూ బంకా కలిపి కుక్కి, పైన పాలిష్ పూసి, దేవుడి మీద భారం వేసేవాళ్లు. సాధారణంగా అది దేవుడి పటమే కాబట్టి ఆయన కూడా కిమ్మనేవాడు కాదు. సుందరయ్య మాత్రం పటం ఇచ్చేముందు తల్లోంచి ఒక వెంట్రుక పీకి, నాలుగు మూలల్లోనూ దూర్చబోయి, ఎక్కడా దూరట్లేదని చూపించి మరీ ఇచ్చేవాడు.

యాభై దాటేసరికి ఆ తల కాస్తా నున్నబడింది. పటాలు కట్టీ కట్టీ ఊడిందని ఊళ్లో అనుకున్నారు. ఆయన చలించకుండా మీసంలోంచి పీకడం మొదలుపెట్టాడు.

"ముందు తల అయింది, ఇప్పుడు మీసం. ఆ తర్వాత కనుబొమలేగా మిగిలేది" అనేది భార్య సుబ్బాయమ్మ.

ఇంకో సంగతి సుబ్బాయమ్మకి కూడా తెలీదు. రెండు మూడేళ్లుగా ఆయనకి గీత సరిగ్గా ఆనడం లేదు. పెన్సిలు గీత ఒకటి రెండుగా కనిపించేది, ఆ రెంటిలో ఏది అసలుదో వేలితో తడుముకుని కోసేవాడు. ఎవరైనా చూస్తే కరెంటు పల్చబడిందని తిట్టేవాడు. పట్టపగలు కూడా కరెంటునే తిట్టేవాడు. లోపల మాత్రం భయంగా ఉండేది. చేతిలో ఆ కోత పోతే ఇంక తనలో ఏముందని ఆయన భయం.

ఆయన్ని భయపెట్టగలిగే మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. రేపల్లెలో ఉండే బావ వీరరాఘవయ్య, అంటే అక్క గంగాదేవి మొగుడు. నిజాంపట్నంలో పడవలు కడతాడు. పలకల మధ్య సందులు వదిలి, వాటిలో దూది పేని కూరి, గుగ్గిలం పూసే రకం. ముప్పై అయిదేళ్లుగా ఎప్పుడు కలిసినా ఇద్దరిదీ అదే గొడవ.

"సందులు కూరుకునేవాడివి, నీకు కోత గురించి మాటలేంటి బావా?"

"నీ పటాన్ని ఓసారి సముద్రంలో వెయ్యరా బావమరిదీ, తేల్తే చూద్దాం."

ఈ ఎకసెక్కాలు లేకుండా వాళ్లింట్లో ఒక్క శుభకార్యం కూడా గడవలేదు. సుందరయ్య పెళ్లిలో కూడా తాళి కట్టే ముందు "ముడన్నా బిగించు, అది కొయ్య కాదు" అని బావ చెవిలో అన్నాడు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో బావకి షష్టిపూర్తి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ రేపల్లె స్టూడియోకి వెళ్లి జన్మలో మొదటిసారి కలిసి ఫొటో దిగారు. ఇద్దరి మధ్యా మూరెడు ఖాళీ. ఆ ఫొటోకి తమ్ముడే పటం కట్టాలని గంగాదేవి కబురు పెట్టింది. సుందరయ్య మంచి టేకు ఏరి, నాలుగు రోజులు కూర్చుని కట్టాడు. మీసం వెంట్రుక ఒక్క మూలలోనూ దూరలేదు. తువ్వాలులో చుట్టి, సుబ్బాయమ్మతో రైలెక్కి, దారి పొడుగునా ఒళ్లోంచి దించలేదు.

పూజ అయ్యాక చుట్టాలందరి ముందూ పటం విప్పారు. అందరూ బాగుందన్నారు. సుందరయ్య ముందు బావ మొహం చూశాడు.

"పటానికేం, బాగానే ఉంది. లోపల మా ఇద్దరి మధ్యా ఉన్న సందు కూడా నువ్వే కలిపేస్తే పోయేది" అన్నాడు బావ. పందిరంతా గొల్లుమంది. గంగాదేవి సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకుంది.

సుందరయ్య చెయ్యి మీసం మీదికి పోయింది.

"ఆగరా! శుభమా అని మీసం పీక్కుంటావేంటి? ఇవాళ మీ అక్క ఇస్తుంది" అన్నాడు బావ.

గంగాదేవి నవ్వుతూ కొప్పులోంచి ఒక తెల్ల వెంట్రుక తీసింది. తనే దూర్చి చూస్తానంది. మొదటి మూలలో వంగింది. రెండో మూలలో వంగింది. మూడోదాంట్లోనూ అంతే. నాలుగో మూల దగ్గర సుందరయ్యకి వెంట్రుక కనపడలేదు కానీ అక్క మొహం కనపడింది. ఆ మొహంలో నవ్వు ఆగిపోయింది.

సుందరయ్యకి అర్థమైంది. ముప్పై అయిదేళ్లుగా బావ ఎదురుచూసిన రోజు ఇదే. ఇంక బతికున్నన్నాళ్లూ ఈ మాట వినాల్సిందే, పోయాక తన పటం దగ్గర కూడా చెప్పుకుంటాడు.

వీరరాఘవయ్య వంగి చూశాడు. చటుక్కున వెంట్రుక లాగి పారేసి, "దూరలేదు, వంగింది. పదండి, పదండి, పులిహోర చల్లారిపోతుంది" అని అందర్నీ లేపేశాడు.

బావ వెక్కిరించలేదు. జాలిపడ్డాడు. ఇంతకంటే అందరి ముందూ నాలుగు తిట్టినా బాగుండేది.

ఆయన విస్తరి దగ్గర కూర్చోలేదు. పటం తీసుకుని, బావ పనిముట్లు ఉండే పెరటి పాకలోకి పోయాడు. మీసంలోంచి ఒకటి పీకి నాలుగో మూలలో పెడితే దూరలేదు. పటం తువ్వాలుకి అక్క వెంట్రుక ఇంకొకటి అంటుకుని ఉంటే పెట్టాడు. జారిపోయింది. రెంటినీ వేళ్ల మధ్య నలిపి చూస్తే అప్పుడు తెలిసింది. మీసం వెంట్రుక మొద్దు. తల వెంట్రుక దూరే సందులో అది దూరదు. అంటే తల నున్నబడ్డ నాటి నుంచీ, కళ్లు మసకబడ్డ నాటి నుంచీ, ఎన్ని పటాలు ఇలా నోళ్లు తెరుచుకుని తెనాలి గోడల మీద వేలాడుతున్నాయో! ఆయనకి ఏడుపొచ్చింది. మేకులు ఊడదీసి, ముక్కలు విప్పాడు. పొడుగు ముక్కని దాని ఎదుటిదాని కొలతకి తగ్గించాలి. పక్కపక్కన పెట్టి గీత గీశాడు. గీత రెండుగా కనిపించింది. మళ్లీ గీశాడు. ఈసారి అసలే కనపడలేదు.

గుమ్మంలో వీరరాఘవయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, కొత్త పంచె మీదే ఉన్నాడు.

"ఏంటి బావా చూస్తున్నావు? అనవేంటి?" సుందరయ్య గొంతు లేచింది. "దూరింది! అందరి ముందూ దూరింది. అబద్ధమెందుకు చెప్పావు? నేనంత అయిపోయానా?"

బావ గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టాడు.

"నాకు కనపట్టం లేదు బావా" అన్నాడు సుందరయ్య. ఆ మాట సుబ్బాయమ్మతో కూడా అనలేదు. "మూడేళ్ల నుంచీ."

వీరరాఘవయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు. పొడుగు ముక్క తీసుకుని, కోత మీద బొటనవేలు రాసి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కళ్లు లేకుండా కోస్తే వెంట్రుక దూరిందా?" అన్నాడు చివరికి. "ఓరి నీ! నేను రెండు కళ్లూ పెట్టుకు కట్టిన పడవల్లో వేలు దూరుద్ది. వాటిల్లోనే నిజాంపట్నమంతా సముద్రం మీదికి పోయొస్తంది. నీ పటంలో కూచునేది నేనూ మీ అక్కేగా, మునిగిపోతామా ఏంటి?"

సుందరయ్యకి నవ్వొచ్చింది. ఏడుపు మధ్యలో వచ్చింది కాబట్టి పొరబోయింది. వీపు మీద ఒకటి చరిచి బావ అన్నాడు, "బాపట్లలో కళ్ల పొరలు తీస్తన్నారంట. నేను తీసుకుపోతా. పొర తీశాక ముందు అద్దంలో ఆ మీసం చూసుకో, చచ్చిపోతావు."

సుందరయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నలభై ఏళ్లలో తన గీత మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. పెన్సిలు తీసి బావ చేతిలో పెట్టాడు.

"గీత నువ్వు గియ్యి బావా. కోత నేను కోస్తా" అన్నాడు. "తిన్నగా గియ్యి. ఇది పడవ కాదు."