పక్క సీటు బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారుకి రెండు బ్రేకులుంటాయి. నేర్చుకునేవాళ్ల కాలి కింద ఒకటి, నేర్పేవాళ్ల కాలి కింద ఇంకొకటి. రెండోది తొక్కితే మొదటిది కూడా దానంతటదే కిందికి దిగుతుంది. మాస్టారి ముప్ఫై ఏళ్ల బతుకు ఆ రెండో బ్రేకు మీదే నడిచింది. ఆయన కుడికాలి బూటు ఎడమదానికన్నా ముందే అరిగిపోయేది. ఆ అరుగుదలని కొత్తగా చేరినవాళ్లకి మెడల్ చూపించినట్టు చూపించేవాడు.

"నాన్నా, ఆదివారానికి ఆ బ్రేకు తీసేయ్. రెండు బోల్టులే కదా," అని కూతురు నాలుగు రోజుల ముందే చెప్పింది.

"తీస్తాలే అమ్మడూ."

తీయలేదు. బద్ధకం అనుకుందామంటే మాస్టారికి లేని గుణం అదొక్కటే. శనివారం సాయంత్రం స్పానరు పట్టుకుని కారు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు కూడా. కాసేపు ఆ పెడల్‌ని చూశాడు. తర్వాత లేచి, నల్ల రబ్బరు మ్యాట్‌ని దాని మీదికి లాగి, చేతులు కడుక్కున్నాడు.

ఆదివారం ఊరి బయటి రేస్ ట్రాక్‌లోకి మామూలు జనాన్ని రానిస్తారు. లైసెన్సు, సరైన బండి ఉంటే చాలు. మిగతావాళ్లకి అది సరదా. కూతురికి మాత్రం అది ఉద్యోగానికి పరీక్ష. ట్రాక్ మీద శిక్షణ ఇవ్వడానికి ఆ ట్రాక్‌వాళ్లకి ఒక మనిషి కావలసివచ్చింది. తండ్రి స్కూల్లో ఆరేళ్లు నేర్పిన అనుభవం చూసి ఆమెని పిలిచారు. పెట్టిన షరతు ఒక్కటే. ట్రాక్ ఎక్కిన ఆ మొదటిరోజే పది రౌండ్లు ఒక్క తప్పూ లేకుండా తిరగాలి. వేగం ఎవరికీ అక్కర్లేదు, జాగ్రత్త కావాలి.

మాస్టారికి ఇది ఏ కోశానా ఇష్టం లేదు. స్కూల్లో చేరేవాళ్లలో సగం మంది "మేడమే నేర్పాలి" అని ముందే అడుగుతారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన పైకి నవ్వేవాడు, లోపల ఒళ్లు మండిపోయేది. ఉద్యోగం సంగతి తెలిసిన రోజు అన్నం మానేసి అలిగాడు. మర్నాడు ఉన్నట్టుండి మెత్తబడి, "ఒక్కదానివే వద్దు, పక్కన నేను కూర్చుంటా," అన్నాడు. పిచ్చిపిల్ల, నాన్న దారికొచ్చాడని మురిసిపోయింది.

ట్రాక్ గేటు దగ్గర తనిఖీ చేసే మనిషి కారులోంచి గొడుగు, నీళ్ల సీసా, డ్రైవరు వైపు మ్యాట్, దొర్లే వస్తువు ప్రతిదీ తీయించాడు. పైన ఉన్న స్కూలు బోర్డు విప్పుతుంటే చుట్టుపక్కల కార్లవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆ మనిషి పక్క సీటు వైపు వంగేసరికి అక్కడ మాస్టారు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, కాళ్లు చాపుకుని పెళ్లిపెద్దలా కూర్చుని ఉన్నాడు.

"స్కూలు కారు కదా, ఇటువైపు బ్రేకు తీసేశారా? ట్రాక్ మీద అది ఉండకూడదు," అన్నాడు అతను.

"నాన్న నిన్నే తీసేశారండీ," అంది కూతురు. మాస్టారు మ్యాట్ మీద కాళ్లు ఇంకాస్త ముందుకి చాపాడు.

తర్వాత ట్రాక్ చూసుకునే పెద్దావిడ అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పింది. "మొదటి రౌండు నెమ్మదిగా, దారి చూసుకోడానికే. బ్రేకు మలుపు రాకముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే వేసుకోవాలి. మలుపు మధ్యలో గట్టిగా తొక్కారో, వెనక చక్రాలు మీ మాట వినవు. వెనకాల ఎవడో తరుముతున్నాడని కంగారుపడి పక్కకి తప్పుకోకండి. మీ దారిన మీరుండండి, వాడి తంటాలు వాడు పడతాడు. తిన్నటి దారిలోకి వచ్చాక చెయ్యి చూపించి ముందుకి పంపండి."

"ముప్ఫై ఏళ్లుగా దారివ్వమని నేర్పుతున్నాను. ఈవిడొచ్చి ఇవ్వొద్దంటుంది," అని గొణిగాడు మాస్టారు.

కూతురు ఎంత చక్కగా నడిపిందంటే, మూడో రౌండుకి ఆయనకి చెప్పడానికి ఒక్క మాట మిగల్లేదు. చూపు దూరంగా, చేతులు తేలిగ్గా, ప్రతి మలుపుకీ ముందే బ్రేకు, ఆ తర్వాత సాఫీగా తిరగడం. వెనక నుంచి వచ్చినవాళ్లని తిన్నటి దారిలో చెయ్యి ఊపి పంపించింది. హెల్మెట్‌లోంచి ఒకసారి నవ్వు కూడా వినిపించింది. ఆ నవ్వు మాస్టారికి ముల్లులా గుచ్చుకుంది. స్కూల్లో ఆరేళ్లలో ఆమె అలా నవ్వగా ఆయన వినలేదు.

తొమ్మిదో రౌండు. పొడవాటి మలుపు మధ్యలో వెనక ఎర్ర కారొకటి అద్దంలో పెద్దదవుతూ వచ్చింది. కూతురు చెక్కుచెదరకుండా తన దారినే ఉంది. మాస్టారి కాలు లేచింది. అలవాటు అనుకోవచ్చు. తర్వాత ఆయనా అదే అనుకున్నాడు. కానీ కాలు లేవడానికీ దిగడానికీ మధ్య ఒక్క క్షణం ఉంది. ఆ క్షణంలో ఆయనకి మలుపు కనపడింది, పెద్దావిడ మాట గుర్తొచ్చింది, వచ్చే నెల నుంచి స్కూల్లో ఖాళీగా ఉండబోయే కూతురి కుర్చీ కూడా గుర్తొచ్చింది. మ్యాట్ మీద నుంచే బలంగా తొక్కాడు.

కారు రెండు చుట్లు తిరిగి గడ్డిలోకి జారి, వెనక్కి మళ్లి ఆగింది. ఎర్ర కారు పక్కనుంచి క్షేమంగా వెళ్లిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మిగతావాళ్లని జాగ్రత్తపడమంటూ పసుపు జెండాలు లేచాయి. కాసేపటికి ఈ బండిని బయటికి రమ్మంటూ నల్ల జెండా లేచింది.

పెద్దావిడ కిటికీ దగ్గరకొచ్చింది. "మలుపు మధ్యలో నీ బ్రేకు లైట్లు వెలిగాయమ్మా. పొద్దున అన్నిసార్లు చెప్పింది దాని గురించే కదా. ఏమైంది?"

కూతురు తండ్రి వైపు తిరిగింది. తన కాలు తాకకుండానే బ్రేకు పెడల్ దానంతటదే కిందికి దిగడం ఆమె చూసింది. ఇక చూడాల్సింది ఆయన ఏం చెబుతాడన్నదే.

మాస్టారు పెద్దావిడ వైపు తిరిగాడు. "కొత్త కదండీ. పిల్ల భయపడింది."

కూతురు ఆయన కాళ్ల దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న మ్యాట్‌ని చూసింది. అది ఒక్కటి ఎత్తితే చాలు, తప్పెవరిదో తేలిపోతుంది. తనిఖీలో మోసం చేసిన స్కూలుకి లైసెన్సు కూడా ఉండదు.

"అవునండీ," అంది. "నేనే తొక్కాను."

"ఒప్పుకున్నావు, అది మంచి గుణం," అంది పెద్దావిడ. ఆవిడకి నిజంగానే బాధేసింది. "కానీ మలుపులో భయపడేవాళ్ల చేతిలో కొత్తవాళ్లని పెట్టలేనమ్మా."

బయటికొచ్చాక కూతురు తాళం తండ్రి చేతిలో పెట్టి తను పక్క సీట్లో కూర్చుంది. మ్యాట్ తీసి, మడిచి, వెనక పడేసింది. రెండు కాళ్లూ సీటు మీదికి మడుచుకుంది. దారిలో మాస్టారు, "పోన్లే, మన స్కూలు మనకుంది," అని రెండుసార్లు అన్నాడు.

ఊళ్లోకి వచ్చాక ముందున్న బస్సు హఠాత్తుగా ఆగింది. ఆమె ముఖం చూస్తూ నడుపుతున్న మాస్టారు ఆలస్యంగా తేరుకున్నాడు. కాలు బ్రేకు వెతుక్కునేలోపు, పక్కనుంచి పెడల్ దిగుతుందని ఎదురుచూశాడు. దిగలేదు. జానెడు దూరంలో ఆగింది కారు.

"చూస్తూనే ఉన్నావు కదే! తొక్కొచ్చుగా?" అని అరిచాడు.

ఆమె కాళ్లు సీటు మీదే ఉన్నాయి.

"నడిపేది నువ్వు కదా నాన్నా," అంది.