‘ఆమె’ అని మార్చిన కథ

"ఊరికే ‘నేను, నేను’ అని ఎందుకు రాశావు? ‘ఆమె’ అని మార్చెయ్. ఏ గొడవా ఉండదు," అన్నాడు మా ఆయన, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే.

ఆయన చేతిలో నా కథ కాగితాలున్నాయి. ఒక పత్రిక ఆ కథ వేసుకుంటామంది, మార్పులేమైనా ఉంటే చేసి పంపమంది. ఆ మాట సంతోషం పట్టలేక ఇంట్లో చెప్పడమే నా పొరపాటు. అప్పటి నుంచి మార్పులు ఇల్లంతా కలిసి చేస్తోంది.

కథ పెద్దదేం కాదు. ఒకరోజు జ్వరంతో ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన స్నేహితులు భోజనానికి కూర్చుని ఉన్నారు. "జ్వరమే కదా, మాత్ర వేసుకుని వంటింట్లోకి వెళ్ళు," అన్నాడాయన. అందరూ తిన్నాక గిన్నెలు తోమి, చెత్తబుట్ట పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. అక్కడ ఎంతసేపు నిలబడ్డానో, ఏమనుకున్నానో, ఎందుకు వెనక్కి వచ్చానో, జరిగింది జరిగినట్టు రాశాను.

"నేనలా అన్నానా? ఒకవేళ అన్నా, విసుగ్గా అయితే అనలేదు," అన్నాడు. ‘విసుగ్గా’ కొట్టేశాను. మర్నాడు చూస్తే ఆ ఖాళీలో పెన్సిల్‌తో తనే ‘ప్రేమగా’ అని రాసి పెట్టాడు. నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. మా అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివి, "ఈ ముసలావిడ నేనేనా? నాకంత నోరుందా తల్లీ? పోనీ కథలో నన్ను చంపేసెయ్, నాకేం పట్టింపు లేదు," అంది. చంపడానికి చెయ్యి రాక కథలో ఆవిణ్ణి ఊరికి పంపించాను.

ఒకరి రాతలు దిద్దడం నాకు కొత్త కాదు, ఆఫీసులో చేసేది అదే. మేనేజరు ఉత్తరాలన్నీ తిరగరాసేది నేను, కింద సంతకం ఆయనది. "మీ చెయ్యి పడితే చాలమ్మా," అంటాడు. జీతం పెంచే మాట ఎత్తితే ఫోను అందుకుంటాడు. ఆ చెయ్యే ఇప్పుడు నా కథ మీద పడింది. ఏ మాట కొట్టేస్తే ఎవరికీ నొప్పి కలగదో దానికి బాగా తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ‘నేను’ని ‘ఆమె’గా మార్చడానికి కూర్చున్నాను. ఆ ఒక్క మాట మారిస్తే సరిపోదు కదా, వెనకాల క్రియ తోక కూడా మారాలి. వచ్చాను, వచ్చింది. తోమాను, తోమింది. నా బట్టలు తీసి ఇంకెవరికో తొడుగుతున్నట్టుంది. సగంలో ఒక విచిత్రం కంటపడింది. తినలేదు, కూర్చోలేదు, అడగలేదు, ఎదురు చెప్పలేదు. వీటిని ముట్టుకోనక్కర్లేదు. నేనైనా ఆమె అయినా, లేదు అంటే లేదే. చూస్తే కథలో సగానికి పైగా అవే మాటలు. నేను చెయ్యకుండా ఊరుకున్నవన్నీ ఎవరి పేరు మీదైనా చెల్లిపోతాయన్నమాట. లేచి నీళ్ళు తాగాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. చివరికి ఎలాగో మార్చేసి, కవరులో పెట్టి పంపేశాను.

ఇక ఆ రోజు నుంచి నాకు స్థిమితం లేదు. తుడిచిన బల్లే మళ్ళీ తుడుస్తున్నాను, సర్దిన గదిలోకే మళ్ళీ వెళ్తున్నాను. "ఏమైనా పారేసుకున్నావా అమ్మాయ్?" అని అడిగింది అత్తయ్య.

ఈ ఉదయం పత్రిక ఎడిటరు ఫోను చేసింది, పెద్దావిడే. నా చేతులు తడిగా ఉండి స్పీకరు పెట్టాను. పక్కనే మా ఆయన బూట్లు తుడుచుకుంటున్నాడు.

"మీ కథ అచ్చుకు వెళ్తోందమ్మా. ఒక్కచోట చిన్న తప్పు దొర్లింది. గేటు దగ్గర, ‘ఆమె చెత్తబుట్ట కింద పెట్టింది, ఇక ఈ ఇంట్లోకి తిరిగి వెళ్ళకూడదు అనుకున్నాను’ అని ఉంది. ‘అనుకుంది’ అని దిద్దేస్తాను, సరేనా?"

దిద్దెయ్యమను అన్నట్టు మా ఆయన చెయ్యి ఊపాడు. ఊపిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"నువ్వు... నిజంగా అలా అనుకున్నావా?" అన్నాడు.

అన్నిసార్లు పెన్సిల్ పట్టుకుని చదివిన మనిషి, ఆ వాక్యాన్ని ఇప్పుడు విన్నాడు. నేను చీర కొంగుకి చేతులు తుడుచుకుని ఫోను దగ్గరికి లాక్కున్నాను.

"దిద్దకండి మేడమ్. అదొక్కటే సరిగ్గా పడింది. మిగతావన్నీ తప్పులు, నేను దిద్ది పంపిస్తాను."