జమున రాయని ఖర్చు

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక జమున ఒక కాగితాన్ని అత్త ముందు పరిచింది. పాత క్యాలెండర్‌లోంచి ఒక నెల చింపి, వెనకవైపు పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. అత్త తనంతట తాను చదవాలని అంత పెద్దగా రాసింది.

అత్త లక్ష్మీనర్సమ్మకు చదువు చెప్పింది జమునే. దుర్గేష్ బండి మీద నుంచి పడి చనిపోయిన ఏడాది, సాయంత్రాలు ఎలా గడపాలో ఇద్దరికీ తెలియలేదు. జమున పనిచేసేది ఆబిడ్స్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో. అక్కడి నుంచి నల్ల మార్కర్ పెన్ను తెచ్చి వంటగది గోడ మీద అఆలు రాసి దిద్దించింది. ఒకరికి కొడుకు, ఒకరికి మొగుడు, ఇద్దరికీ పోయింది ఒక్కడే. ఆ గోడ దగ్గర కూర్చుంటే అతని మాట ఎత్తకుండా కాసేపు గడిచేది.

లక్ష్మీనర్సమ్మ అక్షరాల కింద వేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివింది. వరంగల్‌లో ఎమ్మెస్సీ, రెండేళ్లు. కాలేజీ ఫీజు. హాస్టల్ డిపాజిట్. మెస్సు బిల్లు. రికార్డులు, ల్యాబ్ కోటు. పరీక్ష ఫీజు. పుస్తకాల పక్కన ‘ఆదివారం ఫుట్‌పాత్ మీద కొంటే సగం ధర’ అని ఉంది. సర్కారు ఇచ్చే ఫీజు డబ్బులు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పరనీ, ముందు మనమే కట్టాలనీ జమున విడమరిచింది. మొత్తం లక్షా ముప్పై వేలు. దాని కింద, సమకూర్చుకోగల డబ్బు. చిట్టీ ఎత్తితే లక్ష, జమున కమ్మలు అమ్మితే ముప్పై.

“లెక్క కుదిరింది గదా అత్తమ్మా,” అంది జమున.

లక్ష్మీనర్సమ్మ వేలు మళ్లీ పై వరుసకు వెళ్లింది. కాగితంలో ఒక ఖర్చు లేదు.

ఆమె ఇరవై ఏళ్లుగా బేగం బజార్‌లో చింతపండు గింజలు తీసే పనికి పోతోంది. రోజుకు మూడు వందల యాభై. పోని రోజు నాగా, ఆ కూలి రాదు. జ్వరమొస్తే దవాఖానలో అయ్యే వందకన్నా ముందు ఆ నాగా లెక్క వేసుకోవాలి. నెల జీతం తీసుకునే పిల్లకు ఆ ఆలోచన రాలేదు. చేతిలోంచి పోయేదంతా రాసింది గానీ, చేతికి రాకుండా పోయేది రాయలేదు. దుకాణం మానేస్తే జమున జీతం, నెలకు పదమూడు వేలు, ఆగిపోతుంది. మిగిలేది తన తొమ్మిది వేలు. అందులో ఆరున్నర వేలు ఈ రెండు గదుల కిరాయికే పోతాయి.

ఈ సంగతి చెబితే జమున ఆగిపోతుంది. అది తోచగానే లక్ష్మీనర్సమ్మకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయికి ఆమె భయపడింది. అయినా, తెలిసి దాచడం కూడా మోసమే కదా అనుకుంది.

“నీ నాగా రాయలే బిడ్డా,” అంది. “రెండేండ్ల జీతం.”

జమునకు మొదట అర్థం కాలేదు. తర్వాత పెదవులు కదిలిస్తూ గుణించింది. మూడు లక్షల పన్నెండు వేలు. ఆ అంకెను కాగితం మీద రాయలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద పెట్టింది.

“పోనీ తియ్ అత్తమ్మా. వచ్చే ఏడు చూద్దాం.”

సోమవారం జమున ఎప్పటిలాగే దుకాణానికి వెళ్లింది. వస్తూ మొజంజాహీ మార్కెట్ దగ్గర రెండు సీతాఫలాలు తెచ్చింది. ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. మంగళవారం కూడా అంతే. ఇంట్లో మనిషి ఉంది, మాట లేదు. ఒక్కతే ఉంటే ఇల్లు ఎలా ఉంటుందని లక్ష్మీనర్సమ్మ భయపడిందో, జమున పక్కన ఉండగానే ఇల్లు అలా అయింది.

సీటొచ్చిన కాలేజీలో చేరడానికి శుక్రవారం ఆఖరు. బుధవారం గోదాంలో గింజలు తీస్తూ లక్ష్మీనర్సమ్మ, జమున ఆగిపోయిన సంగతి పక్కన పనిచేసే వెంకటరత్నమ్మతో చెప్పింది. ఆమె ఒంటరిది. గోదాం వెనక గల్లీలో ఒక్క గదిలో మూడు వేల కిరాయికి ఉంటోంది.

“ఆగిందంటే మంచిదే గదా,” అంది వెంకటరత్నమ్మ. “సదువైనంక గా పిల్ల ఇంకో పెండ్లి చేసుకుంటే నీకు నీళ్లిచ్చేదెవరు? సొంత బిడ్డనా ఏంది?”

లక్ష్మీనర్సమ్మ చేతిలోని పండును వేళ్లతో చీల్చి గింజలు కింద రాల్చింది. ఆ తర్వాత, ఆ గదిలో సగం కిరాయి తాను ఇస్తే ఉండనిస్తావా అని అడిగింది. వెంకటరత్నమ్మ చేయి ఆగిపోయింది.

“గురక పెడ్తవా?”

“నాకేం ఎరుక.”

“నేను పెడ్త. ఓర్చుకుంటనంటే రా.”

సాయంత్రం లక్ష్మీనర్సమ్మ బియ్యం డబ్బా కింది కాగితం తీసి, జమున ముందే, వంకర అక్షరాలతో ఒక వరుస చేర్చింది. ‘కిరాయి 1500’. ఇద్దరి ఇల్లు లేకపోతే ఇద్దరి ఖర్చు లేదు. పైగా ఇంటి ఓనరు రాజనర్సు దగ్గరున్న అడ్వాన్సు పదమూడు వేలు తిరిగొస్తుంది. నాలుగు నెలల మెస్సుకు అది సరిపోతుంది. జమున ఆ వరుసను చదివి తల అడ్డంగా ఊపింది. చాలాసేపు వాదించింది. చివరకు ఒక్కటే అడిగింది.

“సెలవులకొస్తే నేనేడికి రావాలె అత్తమ్మా?”

“గాడికే రా. ముగ్గురం సర్దుకొని పండుకుందం.”

గురువారం ఒక పూట నాగా పెట్టి నాంపల్లి స్టేషన్‌లో జమునను రైలెక్కించింది. పెట్టెలో పుస్తకాల మీద దుర్గేష్ ఫోటో ఉంది. తీసుకుపొమ్మని లక్ష్మీనర్సమ్మే ఇచ్చింది. రైలు కదిలాక ఇద్దరూ చేతులు ఊపలేదు. ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారు.

ఇంటికి వచ్చేసరికి రాజనర్సు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని అడ్వాన్సులోంచి ఒక నెల కిరాయి పట్టుకుంటానని, అందరి దగ్గరా అంతేనని చెప్పాడు. ఈ ఖర్చు కాగితంలో ఆమె కూడా రాయలేదు. అతను వంటగదిలోకి తొంగిచూశాడు.

“గోడ మీద ఈ బడి ఏంది నర్సమ్మా?”

ఆమె సున్నం తానే వేసిస్తానని, పైసలు పట్టుకోవద్దని చెప్పింది. పనితనం చూసి చెప్తానంటూ అతను వెళ్లిపోయాడు.

సున్నం ప్యాకెట్టు, కుంచె కొనుక్కొచ్చింది. ముందుగదికి ఒక్క పూత చాలింది. వంటగది గోడను ఆఖరుకు పెట్టుకుంది. అ నుంచి మొదలుపెట్టి, ఎప్పుడూ చదివినట్టే పెదవులు కదిలిస్తూ, ఒక్కో అక్షరం మీదా కుంచె లాగింది. చివరి మూలన జమున ఎప్పుడో రాసిన అత్త పేరు, పక్కనే తన పేరు ఉన్నాయి. వాటి మీద కూడా లాగింది.

కింద కూర్చుని ఆరేదాకా చూసింది. మార్కర్ రంగు సున్నంలోంచి మెల్లగా పైకి తేలింది. అక్షరాలన్నీ బూడిద రంగులో మళ్లీ కనబడ్డాయి. దూరం నుంచి కూడా చదవొచ్చు. ఆమె ఒకసారి అన్నీ చదివింది.

తర్వాత కుంచెను బకెట్లో ముంచి, రెండో పూత మొదలుపెట్టింది.