మాస్టారికి తోడు

మా అమ్మాయి మెరెయానీ సర్జన్. కొత్త డాక్టర్లు చనిపోయిన మనిషి శరీరాన్ని కోసి ఆపరేషన్లు నేర్చుకునే ల్యాబ్ ఫిజీ రాజధాని సూవాలో పెడుతోంది. స్టీలు బల్లలు వచ్చాయి, గాలి లాగే ఫ్యాన్లు బిగించారు, నేలకు తూములు కట్టారు. శరీరాల మీద కప్పే దుప్పట్లు నేనే కుట్టాను. కుట్టినంతసేపూ నాకు భయమే.

"కరెంటు పోతే శరీరాలుంచే చల్లగది ఏమవుతుందే?"

"జనరేటర్ ఉందమ్మా."

"అదీ చెడిపోతే?"

"నువ్వున్నావుగా, విసనకర్రతో విసురుదువుగాని."

అన్నీ ఉన్నా శరీరమే లేదు. చివరికి అపిసాయి అనే బడి మాస్టారు తన శరీరాన్ని ఏడాదిపాటు ల్యాబుకివ్వమని రాసి చనిపోయారు. ఇంటివాళ్ళు మనస్ఫూర్తిగా సరేనంటేనే తీసుకుంటానంది మెరెయానీ.

మాస్టారి అక్క లోసనా చంకలో చాప చుట్టతో ల్యాబుకి వచ్చింది. గదంతా తిరిగి, బల్లను అరచేత్తో తడిమింది.

"శుభ్రంగానే ఉంది. కానీ మావాణ్ణి వదలను," అంది. "ఒక్క పూట మాటలు లేకుండా ఉండలేడు. ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య ఏడాదిపాటు ఎలా ఉంటాడు?"

మెరెయానీ ముఖం వాడిపోయింది. మూడేళ్ళ కష్టం నీళ్ళపాలైందనుకున్నాను. ఏం చెయ్యాలో తోచక, లోసనాను వరండాలో కూర్చోబెట్టి టీ, ఉడికించిన కర్రపెండలం పెట్టాను.

"ఇంత ఉప్పేమిటి? ఏ ఊరమ్మా నీది?"

చెప్పాను. ఆమె నమలడం ఆపి తన ఊరు చెప్పింది. మా రెండూళ్ళకూ మూలపురుషుడొక్కడే. అలాంటి ఊళ్ళవాళ్ళు ఒకరినొకరు ఎంత వెక్కిరించుకున్నా కోపం రాకూడదు. ఒకరడిగితే రెండోవాళ్ళు కాదనకూడదు.

"మీరా? చేపల దొంగలు," అంది లోసనా.

"దొంగిలించేటన్ని చేపలు మీరెప్పుడు పట్టారు గనక?" అన్నాను. నా భయం ఎటు పోయిందో తెలియదు. "మీ మాస్టారు మాకు కావాలి. ఇవ్వనంటావా?"

ఆమె టీ కప్పు కింద పెట్టింది.

"మరి వాణ్ణి రోజూ తిట్టేదెవరు?"

"నేనే. దుప్పట్లు మార్చడానికి ఎలాగూ వస్తాను."

"ఎడమవైపు నిలబడి తిట్టు. కుడిచెవి వినిపించదు వాడికి." చాప నా ఒళ్ళో పెట్టింది. "ఏడాదయ్యాక ఇందులో చుట్టి పంపండి. చిరిగితే ఊరుకోను."

మొదటి క్లాసు రోజున పన్నెండుమంది డాక్టర్లు బల్ల చుట్టూ తలలు వంచుకుని నిలబడ్డారు. నేను దుప్పటి సర్ది మాస్టారి చెవి దగ్గరికి వంగాను.

"మాస్టారూ, మీ ఊళ్ళో అందరూ ఇంత బద్ధకస్తులేనా? పిల్లలొచ్చేశారు."

డాక్టర్లు బిత్తరపోయారు. ఒకమ్మాయి నవ్వు మాస్కు దాటి బయటికొచ్చింది.

మెరెయానీ చేతికి గ్లౌజు తొడుక్కుంటూ, "అటు కాదమ్మా, ఎడమచెవి," అంది.