ఒక్క తప్పూ దిద్దొద్దు

కోదాడలో జర్మన్ నేర్పే శశిధర్ సార్ చేసిన అవమానాన్ని వనిత మూడేళ్లుగా చల్లారనివ్వలేదు. అన్నం కలుపుతున్నా అదే గుర్తు, బస్సులో కూర్చున్నా అదే గుర్తు.

ఆ సార్ సిద్ధాంతం ఒక్కటే: భాషంటే అలవాటు, తప్పును ఒక్కసారి వదిలేస్తే నాలుకకు అంటుకుపోతుంది. అందుకే జర్మనీ ఆస్పత్రుల్లో ఉద్యోగాలకు పోయే నర్సు పిల్లల చేత ఇంటర్వ్యూ జవాబులన్నీ వరసగా, ఎక్కాల్లా వల్లె వేయించేవాడు. ఆయన దగ్గరే పాఠం చెప్పిన వనితది వేరే దారి. ముందు పిల్లలను తప్పులతోనే మాట్లాడనివ్వాలి, ఎదుటివాడికి విషయం చేరితే చాలు, తప్పులు మెల్లగా సర్దుకుంటాయి అనేది.

ఒకరోజు తల్లిదండ్రుల మీటింగులో ఆయన ఆమెను లేపి నిలబెట్టాడు. "నా పద్ధతి తప్పు, మీ పిల్లలను పాడుచేశాను అని చెప్పు," అన్నాడు. ఆ జీతంతోనే ఇల్లు గడుస్తున్న రోజులు. చెప్పింది. మర్నాడే ఉద్యోగం కూడా పీకేశాడు, మహానుభావుడు!

ఇప్పుడు వనితకు మిర్యాలగూడలో సొంత క్లాసుంది. నర్సులను పంపే ఏజెన్సీ వాళ్లు సూర్యాపేట ఫంక్షన్ హాల్లో ఇంటర్వ్యూలు చేయమని ఆమెను పిలిచారు. చూస్తే వచ్చింది శశిధర్ బ్యాచ్! వెంట ఆయన, అమ్మానాన్నలు, టిఫిన్ డబ్బాలు. వనిత ప్రాణం లేచొచ్చింది. చేయాల్సింది చిన్న పని. ప్రశ్నల వరస మార్చడం, అంతే.

మొదట చిలుకూరు పిల్ల సాలి వచ్చి కూర్చుంది. పేరు అడగాల్సిన చోట వనిత, "రాత్రి డ్యూటీ చేస్తావా?" అని జర్మన్‌లో అడిగింది. సాలి గుక్క తిప్పుకోకుండా తన పేరు, ఊరు, నాన్న చేసే వ్యవసాయం అప్పజెప్పింది. రోగి పడిపోతే ఏం చేస్తావంటే తనకిష్టమైన వంటలు చెప్పింది. తర్వాత వచ్చిన పిల్లలదీ అదే వరస. వనిత ఒక్కొక్కరినీ ఫెయిల్ అని పంపేస్తుంటే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. వనితకు ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

సాలి తల్లి పిచ్చమ్మ ఉండబట్టలేక లేచింది. "ఏంది మేడమ్, మా పిల్లకు రాలేదా? రాత్రింబగళ్లు సదివింది గద!"

శశిధర్ పరుగున వచ్చాడు. "మేడమ్ గారూ, కోపం ఉంటే నన్ను తిట్టండి. పిల్లల బతుకులండీ."

"అట్లనా సార్? ఆనాడు నాతోని చెప్పిచ్చిన మాట ఇయ్యాల మీరు చెప్పుండ్రి. గిందరి ముందట."

ఆయన చేతులు కట్టుకుని వెంటనే అందుకున్నాడు. "నా పద్ధతి తప్పు, మీ పిల్లలను పాడుచేశాను." ఎక్కడా తడబడలేదు.

మూడేళ్లు ఎదురుచూసిన మాట చెవిన పడ్డాక వనితకు ఒళ్లు మండిపోయింది. ఇదీ అప్పజెప్పడమే! ఆయన తలకెక్కింది ఒక్క ముక్క లేదు. పైగా ఆ మూల సాలి తల దించుకుని ఏడుస్తోంది. ఆనాడు తానూ అలాగే నిలబడింది. ఆ పిల్లను తనే అలా నిలబెట్టినందుకు వనితకు సిగ్గేసింది.

సాలిని మళ్లీ పిలిచింది. ప్రశ్నేమీ అడగలేదు. కడుపు పట్టుకుని, కుర్చీలోంచి జారి, జర్మన్‌లో మూలగసాగింది.

సాలి బెదిరిపోయింది. మరుక్షణం పక్కన కూలబడి, వీపు వెనక చేయి వేసింది. "ఎక్కడ? నొప్పి ఎక్కడ? నీళ్లు నేను తెచ్చా... భయం వద్దు," అంటూ వచ్చీ రాని జర్మన్‌లో గాబరాగా మాట్లాడుతూ సీసా మూత తీసి నోటికందించింది.

"తప్పు! ఆ వాక్యం అలా కాదు, మళ్లీ చెప్పు!" వెనక నుంచి శశిధర్ అరిచాడు.

వనిత నీళ్లు తాగి లేచింది. "నాకు నీళ్లు అందినయ్ సార్. సాలి పాస్. తక్కినోళ్లను గూడ మళ్ల గిట్లనే అడుగుత. మీరు ఈడనే నిలబడి సూడుండ్రి. ఒక్క తప్పు గూడ దిద్దొద్దు. నోరు తెరిస్తే బయటికి పంపుత."

తర్వాతి పిల్ల మాట మొదలుపెట్టగానే తప్పులు దొర్లాయి. శశిధర్ నోరు తెరవబోయి మూసుకున్నాడు. చేయి సగం దాకా లేచి, దిగింది. బయట వరండాలో ఇంకా బోలెడుమంది ఉన్నారు. వనిత ఇంకో పిల్లను పిలిచి, కుర్చీలో వెనక్కి వాలి, ఏ మాత్రం తొందరపడకుండా మళ్లీ మూలగడం మొదలుపెట్టింది.